పికోగ్రాముల సాక్ష్యం

ఒక టన్ను మిశ్రలోహం కరిగించి పోశారు. అందులో నానోమీటర్ల స్థాయిలో ఏం జరిగిందో తెలియాలి. ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును ల్యాబుల్లో అందరూ టెమ్ అంటారు. దాని కింద పెట్టడానికి ఆ లోహంలోంచి తీసే రేకు పొడవు 10 మైక్రాన్లు, వెడల్పు 5, మందం మైక్రానులో పదో వంతు. ఉక్కు సాంద్రతతో లెక్క కడితే దాని బరువు 40 పికోగ్రాములకు కాస్త తక్కువ. ఆ టన్నులోంచి ఇలాంటి రేకులు సుమారు 260 కోట్ల కోట్లు తీయవచ్చు. ఇంజినీరు చూసేది ఒకటి, మహా అయితే మూడు నాలుగు. ఈ రంగం పాఠ్యగ్రంథాల్లో ఇప్పటికీ కనిపించే ఒక అంచనా ఉంది. 1970 నాటికి ప్రపంచంలోని టెమ్‌లన్నీ కలిసి చూసిన పదార్థం మొత్తం 0.3 ఘన మిల్లీమీటర్లట. సుమారు ఒక గసగసాల గింజంత. తర్వాత యంత్రాలు ఎన్నో రెట్లు పెరిగాయి, ఆ అంకె కూడా పెరిగింది. ఒక్కో శాంపిల్‌లో చూసే వంతు మాత్రం అలాగే ఉంది.

నానో పదార్థాల మీద వచ్చే సమీక్షలు చాలావరకు ఈ యంత్రం ఎంత చిన్నదాన్ని చూపగలదో చెప్పి ఆగిపోతాయి. ఫ్యాక్టరీలో బ్యాచ్‌ను పాస్ చేయాలా, తిప్పి పంపాలా అని తేల్చుకోవలసిన మనిషికి అది రెండో విషయం. చూసిన ముక్క మిగతా సరుకుకు ఎంతవరకు సాక్ష్యం చెబుతుందన్నదే అతని ప్రశ్న. దీనికి చిప్ పరిశ్రమ ఒక జవాబు చెప్పుకుంది, క్యాటలిస్టుల వాళ్లు మరొకటి, లోహాల వాళ్లు ఇంకొకటి. మందుల వాళ్లు, ఎరువుల వాళ్లు ఇంకా వెతుక్కుంటున్నారు.

చిన్నదాన్ని చూడటం సంగతి ముందు తేల్చేద్దాం. 1931లో బెర్లిన్‌లో మాక్స్ నోల్, ఎర్నస్ట్ రుస్కా తొలి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చేశారు. 1933కల్లా రుస్కా దాన్ని కాంతి మైక్రోస్కోపును మించేలా చేశాడు. 1939లో సీమెన్స్ దాన్ని అమ్మకానికి తెచ్చింది. రుస్కాకు నోబెల్ రావడానికి మాత్రం 1986 దాకా పట్టింది. 100 కిలోవోల్టుల ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 3.7 పికోమీటర్లే, పరమాణువు కంటే ఎన్నో రెట్లు చిన్నది. అయినా పరమాణువులు స్పష్టంగా కనిపించకపోవడానికి కారణం కటకాలు. గుండ్రటి అయస్కాంత కటకానికి గోళీయ విపథనం అనే లోపం తప్పదని ఒట్టో షెర్జర్ 1936లోనే లెక్క కట్టి నిరూపించాడు. గుండ్రం కాని కటకాలు జోడించి ఆ లోపాన్ని సరిదిద్దవచ్చని 1947లో దారి కూడా ఆయనే చూపించాడు. ఆ దారిన నడిచి గమ్యం చేరడానికి యాభై ఏళ్లు పట్టింది. 1998లో జర్మనీలో హైడర్, రోజ్, ఉర్బన్ సాధించారు. స్కానింగ్ పద్ధతిలో ఒండ్రెజ్ క్రివానెక్ సాధించాడు. నలుగురికీ కలిపి 2020లో కావ్లీ బహుమతి ఇచ్చారు. 2018లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 0.39 ఆంగ్‌స్ట్రాంల దాకా వెళ్లారు. నాకు తెలిసి ఇంతకంటే సన్నగా చూపించమని అడుగుతున్న పరిశ్రమ ఏదీ లేదు.

స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, అంటే సెమ్, పెరిగింది పరిశ్రమ చేతుల్లోనే. కేంబ్రిడ్జిలో చార్లెస్ ఓట్లీ శిష్యులు చేసిన యంత్రాల్లో ఒకటి 1958లో కెనడాలోని కాగితపు గుజ్జు పరిశోధన సంస్థకు ఓడలో వెళ్లింది. కాగితం పీచు ఎలా అల్లుకుందో చూడాలన్నది వాళ్ల అవసరం. 1965లో స్టీరియోస్కాన్ పేరుతో సెమ్ బజారులోకి వచ్చింది. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఫ్యాక్టరీల్లో రోజువారీ చాకిరీ చేసేది సెమ్. టెమ్‌ను పిలిచేది తగువు తీర్చాల్సి వచ్చినప్పుడు.

పికోగ్రాము సాక్ష్యంతో నిశ్చింతగా బతుకుతున్న పరిశ్రమ ఒక్కటే ఉంది, చిప్‌లది. దానికి కారణం మైక్రోస్కోపులో లేదు, చిప్‌లోనే ఉంది. ఒకే నమూనా ట్రాన్సిస్టర్లు కోట్లలో ఉంటాయి, ప్రతిదానికీ చిరునామా ఉంటుంది. ఫలానా వరుసలో ఫలానా గడి పనిచేయడం లేదని విద్యుత్ పరీక్ష ముందే చెప్పేస్తుంది. అక్కడికే వెళ్లి కోస్తారు. గుడ్డిగా ఒక ముక్క తీసి అదే మొత్తానికి ప్రతినిధి అనుకోవాల్సిన అవసరం రాదు.

కోసే పని దగ్గర్నుంచి చూడదగ్గది. గాలియం అయాన్ల సన్నని పుంజంతో ఆ చోటికి అటూ ఇటూ గోతులు తవ్వుతారు. పైభాగం దెబ్బతినకుండా ముందే ప్లాటినం పట్టీ ఒకటి పేరుస్తారు. మధ్యలో మిగిలిన గోడను సూది మొనకు అతికించి పైకి లేపి, రాగి గ్రిడ్ మీద నిలబెట్టి, మళ్లీ అయాన్లతో రెండు వైపులా చెక్కుతారు. చిక్కు ఇక్కడే వస్తుంది. 30 కిలోవోల్టుల గాలియం సిలికాన్‌లో ఒక్కో వైపు సుమారు 20 నానోమీటర్ల లోతున స్ఫటిక క్రమాన్ని చెడగొడుతుంది. రేకు చివరి మందం 40 నానోమీటర్లే కావాలంటే చూడటానికి పాడైన పొర తప్ప ఏమీ మిగలదు. అందుకే చివరి చెక్కుడు 5 కిలోవోల్టులకు, ఆపైన 2కు దించి చేస్తారు. అప్పటికీ ఇంకో తగాదా ఉంటుంది. నిలువు రెక్క ఉండే ట్రాన్సిస్టరులో ఆ రెక్క వెడల్పు ఏడెనిమిది నానోమీటర్లు. రేకు మందం దానికి నాలుగింతలుంటే ముందున్న గేటు లోహం, వెనకున్న సిలికాన్ ఒకే బొమ్మలో ఒకదాని మీద ఒకటి పడతాయి. అంచు మసగ్గా కనిపిస్తే ఆ మసక పొరదా, కోతదా అని చెప్పడానికి అనుభవం కావాలి.

ఈ పరికరం ఒక పరిశ్రమ ఆలోచనను ఎలా మలిచిందో చూడాలంటే 1999 నాటి బెల్ ల్యాబ్స్ ప్రయోగం చదవాలి. అప్పటికి ట్రాన్సిస్టరు గేటు కింద సిలికాన్ డయాక్సైడ్ పొరను ఏటేటా పలచన చేస్తూ పోతున్నారు. ఎంతవరకు పోవచ్చు? డేవిడ్ ముల్లర్ బృందం ఎలక్ట్రాన్ పుంజాన్ని ఆ పొరకు అడ్డంగా ఒక్కో పరమాణువు దూరం జరుపుతూ, దాటి వచ్చిన ఎలక్ట్రాన్లు ఎంత శక్తి కోల్పోయాయో కొలిచింది. అంచున ఉన్న ఆక్సిజన్ పరమాణువులు నిజమైన ఆక్సైడ్‌లో ఉన్నట్టు ప్రవర్తించడం లేదని తేలింది. పక్కనున్న సిలికాన్ ప్రభావం వాటి మీదికి పాకుతోంది. ఎంత ఆదర్శంగా చేసినా 0.7 నానోమీటర్ల కంటే పలచనైతే అది బంధకంగా నిలవదని వాళ్లు తేల్చారు. నిజమైన పొరకుండే ఎగుడుదిగుళ్లు కలుపుకుంటే హద్దు ఇంకా ముందే వస్తుంది. 2007లో ఇంటెల్ 45 నానోమీటర్ల తరం చిప్‌లకు హాఫ్నియం ఆక్సైడ్‌కు మారింది. ఆ మార్పుకు ఈ కొలత ఒక్కటే కారణం అనడం అతిశయోక్తి, కరెంటు లీకేజీ బాధ అందరికీ తెలిసిందే. కానీ గోడ ఎక్కడుందో పరమాణువుల లెక్కలో చూపింది ఆ ప్రయోగమే.

ఉత్పత్తి లైనులో మాత్రం చిప్‌లు తయారయ్యే సిలికాన్ పళ్లేన్ని, అంటే వేఫర్‌ను, ఎవరూ కోయరు. అక్కడ పని సెమ్‌దే. 1984లో హిటాచీ తెచ్చిన యంత్రంతో మొదలై, గీతల వెడల్పు కొలిచే సెమ్‌లు ప్రతి చిప్ ఫ్యాక్టరీలోనూ వరుసగా నిలబడ్డాయి. శాంపిల్ పాడవకుండా కొన్ని వందల వోల్టులతోనే నడుపుతారు. అయినా గీతలు అచ్చు వేయడానికి పూసే ఫోటోరెసిస్టు పొర ఎలక్ట్రాన్లు తగిలితే ముడుచుకుంటుంది. ఒకే గీతను రెండోసారి కొలిస్తే మొదటిసారి కంటే సన్నగా వస్తుంది. కొలత కొలిచేదాన్ని మార్చేస్తోంది. దీన్ని ఆపలేక, ఎంత ముడుచుకుంటుందో ముందే లెక్క కట్టి కలుపుకోవడానికి అలవాటు పడ్డారు.

క్యాటలిస్టుల ప్రపంచం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ దేనికీ చిరునామా లేదు. కారు పొగగొట్టంలో ఉండే కన్వర్టరులో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్), సీరియా (సీరియం ఆక్సైడ్) పొడుల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం నానో కణాలు చెదురుమదురుగా అతుక్కుని ఉంటాయి. ప్లాటినం కణం 3 నానోమీటర్లుంటే దాని పరమాణువుల్లో దాదాపు మూడో వంతు పైకి తేలి ఉంటాయి, పని చేసేవి అవే. ఇంజిను వేడికి కణాలు కలిసిపోయి లావెక్కితే లోహం ఉన్నా పని తగ్గుతుంది. అందుకని కంపెనీలు టెమ్ బొమ్మల్లో కణాల సైజు కొలిచి సగటు రాస్తాయి. మోసం ఆ సగటులోనే ఉంది.

ఒక లెక్క చూడండి. 2 నానోమీటర్ల కణాలు వెయ్యి, 20 నానోమీటర్ల కణం ఒకటి ఉన్నాయనుకుందాం. ఘనపరిమాణం వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క పెద్ద కణంలో వెయ్యి చిన్న కణాలంత లోహం ఉంటుంది. రిపోర్టులో సగటు సైజు 2.02 నానోమీటర్లు అని వస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఉన్న ప్లాటినంలో సగం మాత్రం ఆ ఒక్కదాని కడుపులో చిక్కుకుని, మొత్తం ఉపరితలంలో పదకొండో వంతే ఇస్తోంది. ఇంకా చిక్కేమిటంటే, మూడు వందల కణాలు లెక్కించి ఆపేస్తే ఆ పెద్దది కంటబడే అవకాశం మూడింట ఒకటి కంటే తక్కువ. చిన్న కణాల కోసం బొమ్మను బాగా పెద్దది చేసి చూసే అలవాటు వల్ల అది ఫ్రేములోకి వచ్చే అవకాశం ఇంకా తగ్గుతుంది. ఎక్స్‌రే వివర్తనం దీనికి సరిగ్గా ఎదురు తిరుగుతుంది. అది చిన్న కణాలను దాదాపు వదిలేసి పెద్దవాటినే చెబుతుంది. అందుకే ఈ రెండూ పొంతన కుదరకపోతే ఏదో ఒకటి తప్పని కొట్టేయకూడదు. తేడాయే అసలు సమాచారం. వాయువును పీల్చుకునే సామర్థ్యం కొలిచి మూడో సాక్షిగా పిలవాలి.

బొమ్మలో కణం కనిపించడం కూడా అన్నిసార్లూ దక్కదు. స్కానింగ్ టెమ్‌లో పెద్ద కోణాలకు చెదిరిన ఎలక్ట్రాన్లతో బొమ్మ తీస్తే బరువైన పరమాణువులు తెల్లగా మెరుస్తాయి. ప్లాటినం పరమాణు సంఖ్య 78, అల్యూమినియం 13. పొడి మీద చుక్కలు చుక్కలుగా తేలిపోతుంది, ఎవరైనా లెక్కపెట్టవచ్చు. అదే పల్లాడియం సీరియా మీద ఉంటే? పల్లాడియం 46, సీరియం 58. వెతుకుతున్న లోహం దాని ఆధారం కంటే తేలిక. తెల్ల చుక్కలు కనిపించవు. అప్పుడు ప్రతి చోటా ఎక్స్‌రే వర్ణపటం తీసి మూలకం పటం గీయాలి. అందుకు గంటలు పడుతుంది, ఆ గంటల్లో పుంజం కింద కణాలు కదలవచ్చు. ‘పల్లాడియం చక్కగా పరుచుకుంది, కణాలు కనబడలేదు’ అన్న వాక్యం రిపోర్టులో కనిపిస్తే అది పరుచుకున్నందుకా, కనబడనందుకా అని అడగడం కొనేవాడి హక్కు.

ఈ విషయంలో డెన్మార్క్ కంపెనీ హాల్డర్ టాప్సో చేసిన పని నాకు చాలా ఇష్టం. మెథనాల్ తయారీలో వాడే రాగి, జింక్ ఆక్సైడ్ క్యాటలిస్టును వాళ్లు 2002లో మైక్రోస్కోపు లోపలే వాయువు వదిలి, వేడి చేసి చూశారు. హైడ్రోజన్‌లో ఒక ఆకారంలో ఉన్న రాగి కణాలు నీటి ఆవిరి తగిలితే గుండ్రబడ్డాయి, కార్బన్ మోనాక్సైడ్ కలిపితే చదునయ్యాయి. వాయువు మారిస్తే ఆకారం మళ్లీ మారింది. అంటే శూన్యంలో, చల్లగా తీసిన బొమ్మలో కనిపించే కణం పని చేస్తున్నప్పుడు ఉండే కణం కాదు. అయితే ఆ ప్రయోగంలో పీడనం కొన్ని మిల్లీబార్లే, అసలు రియాక్టరులో యాభై, వంద బార్లు ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన మూత వేసిన చిన్న గదులు వాతావరణ పీడనం దాకా తెచ్చాయి. మిగతా దూరం ఇంకా అలాగే ఉంది.

లోహాల దగ్గరికొస్తే హైదరాబాద్ పేరు తప్పదు. న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, ప్రత్యేక మిశ్రలోహాలు చేసే మిధాని, రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, బాలాపూర్‌లోని పదార్థాల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ ఒకే నగరంలో ఉన్నాయి. మన భారజల రియాక్టర్ల ఇంధన గొట్టాలు జిర్కలాయ్-4తో చేస్తారు. జిర్కోనియంలో ఇనుము, క్రోమియం కలిసిన కణాలు పదుల నుంచి వందల నానోమీటర్ల సైజులో పేరుకుని ఉంటాయి. తయారీలో మధ్య మధ్య చేసే వేడి చికిత్సలు వాటి సైజును నిర్ణయిస్తాయి, సైజు తుప్పును నిర్ణయిస్తుంది. విచిత్రం ఏమంటే మంచి సైజు అంటూ ఒకటి లేదు. ఒక రకం రియాక్టరు నీళ్లలో చిన్న కణాలు మేలు, ఇంకో రకంలో కాస్త పెద్దవి మేలు. ఇలాంటి చోట టెమ్ పని బ్యాచ్‌ను పాస్ చేయడం కాదు. వేడి చికిత్సకూ కణం సైజుకూ ఉన్న సంబంధాన్ని ఒకసారి గట్టిగా తేల్చిపెట్టడం దాని పని. ఆ తర్వాత ప్రతి కొలిమినీ ఉష్ణోగ్రత, సమయం కాపలా కాస్తాయి. లోహశాస్త్రం మొదటి నుంచీ ఇలాగే బతికింది. పికోగ్రాము సాక్ష్యాన్ని నేరుగా టన్నుకు అంటగట్టకుండా, ప్రక్రియ ద్వారా చేరవేసింది. అల్యూమినియం మిశ్రలోహాలు వాటంతటవే గట్టిపడతాయని ఆల్ఫ్రెడ్ విల్మ్ 1906లో కనిపెట్టాడు. ఎందుకో తెలియకుండానే పరిశ్రమ దాన్ని విమానాలకు వాడేసుకుంది. ఒకటి రెండు పరమాణువుల మందం ఉన్న రాగి పలకలు లోపల ఏర్పడుతున్నాయని 1938లో ఎక్స్‌రేలతో ఊహించారు. కంటితో చూసింది ఆ తర్వాతే, టెమ్‌లో.

ఆక్సైడ్ కణాలతో గట్టిపరిచే ఉక్కుల దగ్గర మాత్రం ఈ ధీమా పనికిరాదు. ఏఆర్‌సీఐలో వీటి మీద ఏళ్లుగా పని జరుగుతోంది. ఇత్రియం ఆక్సైడ్‌ను ఉక్కు పొడితో కలిపి గంటల తరబడి బంతుల మిల్లులో రుబ్బితే 2 నుంచి 5 నానోమీటర్ల కణాలు ఉక్కంతా పరుచుకుంటాయి. ఎర్రని వేడిలో కూడా అది సాగకుండా నిలిచేది వాటి బలం మీదే. రుబ్బడం సమంగా జరగకపోతే ఒక పట్టీలో కణాలు దట్టంగా, పక్క పట్టీలో అసలు లేకుండా పోతాయి. 10 మైక్రాన్ల రేకు ఏ పట్టీలో పడిందన్నది అదృష్టం. ఇక్కడ సరైన క్రమం పెద్దది నుంచి చిన్నదికి రావడం. ముందు సెమ్‌లో స్ఫటికాల దిశలు గీసే పద్ధతితో మిల్లీమీటరు మేర చూడాలి, తేడాగా ఉన్న చోట్లు గుర్తుపెట్టుకోవాలి, అక్కడ మాత్రమే రేకు తీయాలి. చిప్‌కు పుట్టుకతో వచ్చిన చిరునామాను లోహానికి మనం రాసుకోవాలి.

ఇక్కడ చిన్న పక్కదారి. 2006లో డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కను ఆమ్లంలో కరిగించి, మిగిలినదాన్ని టెమ్‌లో చూసి కార్బన్ నానోట్యూబులు ఉన్నాయని ప్రకటించారు. అలాంటి కత్తులకు మూలమైన ఉక్కు దిమ్మలు దక్కన్ నుంచి వెళ్లేవి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం అందులో పేరున్న ఊరు, పర్షియా వర్తకులు అక్కడి దాకా వచ్చి కొనుక్కునేవారు. ఇంకేం, మన కమ్మరులకు నానోటెక్నాలజీ తెలుసని పత్రికలు రాసేశాయి. కోనసముద్రం కమ్మరుల పనితనానికి కొత్తగా ఏ కితాబూ అక్కర్లేదు. కానీ ఒక కత్తిలోని ఒక ముక్క, అందులో కరగక మిగిలిన కాస్త మసి, అందులో కొన్ని గొట్టాలు. వాటికీ కత్తి పదునుకూ సంబంధం ఉందా అన్నది అప్పుడు తేలలేదు, సందేహించిన లోహశాస్త్రవేత్తలూ ఉన్నారు. ఒక్క అందమైన బొమ్మ ఎంత దూరం ప్రయాణం చేయగలదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మెత్తని పదార్థాలకు ఎలక్ట్రాన్లంటేనే గిట్టదు. మందుల లైపోజోములు నీళ్లలో తేలే కొవ్వు బుడగలు. గ్రిడ్ మీద చుక్క వేసి ఆరబెడితే అవి చితికి, కలిసి, ఇంకేదో అవుతాయి. 1980ల్లో జాక్ డ్యుబోషే బృందం నీళ్లను మంచు స్ఫటికాలు కట్టేంత వ్యవధి ఇవ్వకుండా గాజులా గడ్డకట్టించింది. 2017 నోబెల్ అందుకే వచ్చింది. జీవశాస్త్రానికి దక్కిన వరమని అందరూ అన్నారు, మందుల కంపెనీలకు దక్కింది తక్కువేం కాదు. క్యాన్సరుకు వాడే డాక్సోరుబిసిన్ లైపోజోము 1995లో అమెరికాలో అనుమతి పొందింది. అతిశీతల టెమ్‌లో చూస్తే ఆ బుడగల మధ్యలో నిలువు గీత కనిపిస్తుంది. మందు లోపల స్ఫటికంగా కట్టుకుని బుడగను కోలగా సాగదీసిందన్న మాట. దాని జెనెరిక్ చేయదలచిన కంపెనీ రసాయనం ఒక్కటే అని చూపిస్తే చాలదు, బుడగ ఆకారం, పొరల సంఖ్య, లోపలి మందు స్థితి కూడా ఒకటేనని చూపాలని అమెరికా ఔషధ సంస్థ అడుగుతుంది. ఇంజెక్షన్ల జెనెరిక్స్ మీద బతికే హైదరాబాద్ కంపెనీలకు ఇది కాగితం మీది నియమం కాదు, అనుమతికీ తిరస్కారానికీ మధ్య గీత. అదే శీతల పద్ధతితో 2017లో స్టాన్‌ఫర్డ్‌లో యీ క్యూయ్ బృందం బ్యాటరీల్లోని లిథియం పిలకలను చెడిపోకుండా చూసింది. మామూలు టెమ్‌లో అవి పుంజం తగిలిన క్షణంలోనే పాడయ్యేవి.

ఈ వెలుగులో నానో యూరియా సీసాను ఒకసారి చూద్దాం. 2021లో ఇఫ్కో తెచ్చింది, ఆంధ్రా తెలంగాణ పల్లెల్లో అర లీటరు సీసా చూడని రైతు తక్కువ. దాని కణాల సైజు 20 నుంచి 50 నానోమీటర్లని చెబుతారు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో కణం సైజును టెమ్‌తోనూ, నీళ్లలో తేలుతుండగా కాంతితోనూ కొలవాలని ఉంది. పంట మీద దాని ఫలితం గురించి శాస్త్రవేత్తల మధ్య వాదం నడుస్తోంది, అది వేరే వ్యాసం. నా సందేహం మైక్రోస్కోపు వైపు నుంచి. యూరియా నీళ్లలో విపరీతంగా కరిగే పదార్థం, ఎలక్ట్రాన్లకు అంతే తేలిగ్గా చెడేది. చుక్కను గ్రిడ్ మీద ఆరబెట్టి శూన్యంలో పెట్టాక కనిపించే కణం సీసాలో ఉన్నదా, ఆరేటప్పుడు పుట్టినదా? టెమ్ ఫోటో ఒక్కటే ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. గడ్డకట్టించిన చుక్కలో తీసిన బొమ్మ పక్కన ఉంటేనే ఆ అంకెకు బరువు వస్తుంది. ప్రమాణం రాసినవాళ్లు టెమ్ అని రాసి ఆగకుండా శాంపిల్ ఎలా తయారు చేయాలో కూడా రాయాల్సింది.

కణం సైజు అనేది ఒకే అంకె అన్న నమ్మకం అసలు వదులుకోవాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ బంగారు నానో కణాలను నమూనా పదార్థంగా విడుదల చేసింది. అందులో నామమాత్రంగా 30 నానోమీటర్లదని చెప్పే ద్రవాన్ని వాళ్లే రకరకాల పద్ధతులతో కొలిచి దానితో ఇచ్చే రిపోర్టులో ముద్రించారు. టెమ్‌లో 27.6, సెమ్‌లో 26.9, సూదితో తడిమే ఏఎఫ్‌ఎంలో 24.9, కాంతి చెదిరే పద్ధతిలో 28.6. గుండ్రని, గట్టి, ఒకే రకం బంగారం మీద, ప్రపంచంలో అత్యంత జాగ్రత్త గల ల్యాబులో ఇంత తేడా. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు. ఒక్కో పద్ధతి ఒక్కో దాన్ని కణం అంటుంది. టెమ్ లోహపు నీడను కొలుస్తుంది, కాంతి పద్ధతి కణంతో పాటు కదిలే నీటి పొరను కూడా కలుపుకుంటుంది.

ఈ తేడా ఇప్పుడు చట్టంలోకి వచ్చి కూర్చుంది. ఐరోపా సమాఖ్య 2011లో ఇచ్చి 2022లో సవరించిన నిర్వచనం ప్రకారం ఒక పొడిలో సంఖ్యాపరంగా సగం లేదా అంతకు మించి కణాలు 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉంటే అది నానో పదార్థం. సంఖ్యాపరంగా అన్నారు కాబట్టి బరువుల లెక్క చెల్లదు, కణాలను ఒక్కొక్కటిగా లెక్కించాలి, అంటే మైక్రోస్కోపు తప్పదు. స్వీట్లకూ మాత్రల పూతలకూ తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ ఈ గీతకు కాస్త అటూ ఇటూ ఉండే సరుకు. దాన్ని ఆహారంలో సురక్షితమని ఇక అనలేమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2021లో చెప్పింది, 2022లో నిషేధం వచ్చింది. టెమ్‌తో సైజు, ఆకారం కొలవడానికి 2020లో, సెమ్‌తో కొలవడానికి 2021లో ఐఎస్ఓ ప్రమాణాలు వచ్చాయి. టైర్లలో పోసే కార్బన్ బ్లాక్‌కు మాత్రం టెమ్ ప్రమాణం ఎప్పటి నుంచో ఉంది. నానో అన్న మాట ఫ్యాషన్ కాకముందే రబ్బరు పరిశ్రమ ఈ పని గుట్టుగా చేసుకుపోయింది.

ఇక మన ల్యాబుల నుంచి వచ్చే రిపోర్టుల సంగతి. సెమ్ కింద కరెంటు పారని శాంపిల్ మీద బంగారం పూత వేస్తారు. ఆ పూతే కొన్ని నానోమీటర్ల గింజలుగా ఉంటుంది. లక్ష రెట్లు పెంచి చూస్తే ఉపరితలమంతా అందమైన నానో కణాలతో నిండి ఉంటుంది, అవి పూతవి. వాటిని తమ పదార్థపు నానో నిర్మాణంగా అచ్చు వేసిన బొమ్మలు నేను చాలా చూశాను. రెండోది, 20 కిలోవోల్టుల దగ్గర సిలికాన్‌లోకి ఎలక్ట్రాన్లు నాలుగైదు మైక్రాన్లు దిగుతాయి. అక్కడి నుంచి వచ్చే ఎక్స్‌రేలను చూసి పైనున్న 50 నానోమీటర్ల కణం కూర్పు ఇదీ అని రాస్తే అది కణం కింద ఉన్న నేల కూర్పు. 2 కిలోవోల్టులకు దించితే లోతు దాదాపు 100 నానోమీటర్లకు తగ్గుతుంది, కానీ అప్పుడు చాలా మూలకాల ఎక్స్‌రేలు పుట్టవు. మూడోది, టెమ్ వర్ణపటంలో కనిపించే రాగి శిఖరం దాదాపు ఎప్పుడూ గ్రిడ్‌దే. రాగి ఉన్న పదార్థాన్ని రాగి గ్రిడ్ మీద పెట్టి రాగి ఎంతుందో తేల్చిన పట్టికలు కూడా ఉన్నాయి. ఆపరేటర్‌ను తప్పుపట్టి లాభం లేదు. ఏం వెతుకుతున్నారో చెప్పకుండా శాంపిల్‌ను కొరియర్లో పంపేవాళ్లే ఎక్కువ.

సొంత టెమ్ కొనడం చిన్న పరిశ్రమల తరం కాదు. యంత్రం కోట్లలో ఉంటుంది. దాని గదికి కంపనాలు, పక్క లిఫ్టు అయస్కాంత క్షేత్రం, ఏసీ గాలి అన్నీ గిట్టవు. కాబట్టి ఐఐటీల్లోని సైఫ్ అనే ఉమ్మడి పరికరాల కేంద్రాలకో, పరికరాలు వెతికిపెట్టే ఐ-స్టెమ్ పోర్టల్‌లో దొరికిన విశ్వవిద్యాలయానికో పంపుతారు. ఈ ఏర్పాటు మంచిదే, పదిహేనేళ్ల కిందటి కంటే ఎంతో సులువైంది. వచ్చే రిపోర్టు మాత్రం చాలాసార్లు ఐదారు ఫోటోలు, ఒక వర్ణపటం. ఎన్ని చోట్ల చూశారు, ఆ చోట్లు ఎలా ఎంచుకున్నారు, ఎన్ని కణాలు లెక్కించారు, అతుక్కున్నవాటిని ఒకటిగా లెక్కపెట్టారా విడిగానా, స్కేలును దేనితో సరిచూశారు అన్నవి ఉండవు. ఫోటోలు బాగున్న చోట్లవే ఉంటాయి.

కణాలు లెక్కించడం ఇప్పుడు కంప్యూటరు పని. రాత్రంతా యంత్రాన్ని వదిలేస్తే వందల ఫ్రేములు తీసి, శిక్షణ పొందిన ప్రోగ్రాము వేల కణాల గీతలు గీసి పెడుతుంది. చిప్ ఫ్యాక్టరీల్లో టెమ్ ఇలా దానంతటదే నడుస్తోంది. నా దృష్టిలో రెజల్యూషను మీద పోసిన డబ్బు కంటే పరిశ్రమకు ఇదే ఎక్కువ మేలు చేస్తుంది. ప్లాటినం లెక్కలో తప్పిపోయిన ఆ పెద్ద కణం దొరకాలంటే ఇదొక్కటే దారి. జాగ్రత్త ఒక్కటి. గుండ్రని కణాల మీద శిక్షణ పొందిన ప్రోగ్రాము పలకల్ని, కడ్డీల్ని కూడా గుండ్రంగానే చూస్తుంది, అలా చూశానని చెప్పదు. ప్రతి కొత్త పదార్థానికి కనీసం వంద కణాలు మనిషి చేత్తో కొలిచి పక్కన పెట్టి పోల్చాలి.

దీనికి అడ్డం వస్తున్నది సాంకేతికత కాదు, రేటు కార్డు. మన కేంద్రాలు గంటకింతని, శాంపిల్‌కింతని వసూలు చేస్తాయి. ఆ లెక్కన త్వరగా నాలుగు మంచి ఫోటోలు తీసి శాంపిల్ మార్చేయడమే అందరికీ గిట్టుబాటు. చోట్లు ఎంచుకునే పద్ధతి రాసిచ్చి, ఐదు వందల కణాల పట్టిక, అందులో అనిశ్చితి ఎంతో కూడా ఇచ్చే సేవకు వేరే ధర పెట్టిన కేంద్రం నాకు ఇంకా కనబడలేదు. అలాంటి ధర ఒకటి పెడితే ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న క్యాటలిస్టు, పిగ్మెంటు, ఇంజెక్షన్ల కంపెనీలు జీడిమెట్ల నుంచి పాశమైలారం దాకానే బోలెడున్నాయి.